ఎర్ర వైరు గ్రౌండు

2011 జూన్ 19, ఆదివారం

ఈ మధ్యాహ్నం అమ్మ వేళ్ళు చూశాను. మంచం పట్టె మీద కదులుతున్నాయి. ఎడమ బొటనవేలు పైకి, కిందికి, ఇటు, అటు. తర్వాత కుడి బొటనవేలు నాలుగుసార్లు. కాసేపు ఆగి మళ్ళీ అదే వరస. నరాల డాక్టర్ చెప్పిన వణుకు ఇదేనేమో అనుకున్నాను. ఏం చేస్తున్నావమ్మా అంటే సిగ్గుపడింది. ఏం లేదే, పాత పని యాదికొచ్చింది అంది.

పాత పని అంటే నాచారంలో టీవీ గేమ్‌ల కంపెనీ. నాకు మూడేళ్ళప్పుడు చేరింది, పద్నాలుగేళ్ళప్పుడు అది మూతపడింది. పదకొండేళ్ళూ అమ్మది టెస్టింగ్ బెంచీయే. సెట్ వస్తుంది, టీవీకి తగిలిస్తుంది, రిమోట్ మీది ఎనిమిది బటన్లూ వరసగా నొక్కుతుంది. ఆట మొదలుపెడుతుంది. లాంతరు పట్టుకున్న పొట్టివాడు పరుగెత్తుతాడు. మొదటి గుంత దూకిస్తుంది. దూకాడా, సెట్ మంచిది. వైరు పీకి, వెనకాల తన బెంచీ నంబర్ 17 అని స్టిక్కర్ వేసి, ఓకే అని పక్కకు తోస్తుంది. దూకలేదా, వైరుకి ఎర్రదారం కట్టి డబ్బాలో పడేస్తుంది. ఒక్కోదానికి నలభై సెకన్లు. రోజుకి ఐదొందల సెట్లు. ఆ దారం రీలు ఒకటి ఇప్పటికీ మా కుట్టు డబ్బాలో ఉంది.

మరి తర్వాతి గుంతలు? అని అడిగాను. మొదటి గుంత దాటినంక ఆడనిస్తే గద, అంది. ఒకనాడు రెండోదాని దాకా పోతే సూపర్‌వైజర్ ఉమాపతి సారు ఎనకొచ్చి నిలబడి, ఆడుకొనీకి వచ్చినవా సారలమ్మా, జర మాకు గూడ ఇయ్యరాదు అన్నాడట. షెడ్డంతా నవ్విందట. ఆఖర్ల ఏముంటదో ఒక్కపారి సూడాలనుండె, అంది. అని గోడ వైపు తిరిగింది.

డాక్టర్ కాగితం మీద మూడక్షరాలు రాశాడు. MND. ముందు చేతులు, తర్వాత మాట, తర్వాత మింగడం. మందు లేదు. నెలలు అన్నాడు, సంవత్సరాలు అనలేదు. అమ్మకి నరాల బలహీనత అని చెప్పాను. టానిక్ కొనిచ్చాను.

జూన్ 22

అమ్మ చేతులు పోకముందే ఆఖరి గుంత దాటించాలి. రాసి పెడితే వెనక్కి పోనని రాస్తున్నా.

జూన్ 26, ఆదివారం

డిగ్రీలో కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఉంది. విండోస్‌ని వైరస్ తినేశాక దాని బదులు ఉబుంటు అనే ఉచిత లైనక్స్ ఎక్కించుకున్నాను. ఎమ్యులేటర్ దొరికింది. అంటే ఆ పాత సెట్‌లా నటించే ప్రోగ్రామ్. ఆట ఫైలు మాత్రం ఉప్పల్‌లో నెట్ సెంటర్‌లో రెండు గంటలు వెతికితే దొరికింది, వేరే పేరుతో. లాంతరు చూసి గుర్తుపట్టాను.

కీబోర్డు ముందు కూర్చోబెడితే అమ్మ మొహం అదోలా పెట్టింది. గిదేందే, కోర్టు కాడ టైపు గొట్టేటోళ్ళ లెక్క అంది. సికింద్రాబాద్ వెళ్ళి యూఎస్‌బీ రిమోట్ కొన్నాను. లాలాపేట్ ఫ్లైఓవర్ మీద బస్సు గంట ఆగింది, ఏదో ర్యాలీ. ఇంటికొచ్చి తగిలిస్తే ఏమీ కాలేదు. jstest అని ఒక ప్రోగ్రామ్ ఉంది. బటన్ నొక్కితే on, వదిలితే off అని చూపిస్తుంది. దానిలో అన్నీ on అవుతున్నాయి, ఆటలో పొట్టివాడు మాత్రం కదలడు. సాయంత్రానికి తెలిసింది, ఆ పరికరాన్ని చదివే పర్మిషన్ నా యూజర్‌కి లేదు. ఒక్క లైను. మధ్యాహ్నమంతా ఒక్క లైను కోసం.

అమ్మ చేతిలోకి తీసుకుంది. రెండుసార్లు నొక్కి ఒళ్ళో పెట్టేసింది. బటన్ గట్టిగున్నది బిడ్డా అంది. మావి మెత్తగుండేటియి, లోపట రబ్బరుండేది, ముట్టుకుంటే సాలు. గిది నొక్కాల్నంటే కోడిని పట్టినట్టు పట్టాలె.

నవ్వాను. అమ్మ చేతుల్లో ఎంత బలం మిగిలిందో నాకు అర్థమైంది.

జులై 3, ఆదివారం

పాత సెట్ ఎక్కడుందో నాకు తెలుసు. నా స్కూలు స్నేహితురాలు సాయి ప్రియ వాళ్ళింట్లో. హబ్సిగూడ క్వార్టర్స్. ఏడో తరగతిలో దాని పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నగారు కొత్త టీవీ గేమ్ తెచ్చారు. ఆయన సైంటిస్టు. నేను సెట్ తిప్పి చూశాను. 17. మా అమ్మ వేసిన స్టిక్కర్. అందరూ మీ అమ్మ ఏం చేస్తుంది అని అడుగుతున్న వయసు అది. నేను కంపెనీలో ఆఫీసు పని అని చెప్పేదాన్ని. సెట్‌ని జాగ్రత్తగా బోర్లా పెట్టేశాను.

ఇవాళ సాయి ప్రియ వాళ్ళమ్మ సూర్యకళ ఆంటీ అటక మీంచి దించింది. ఆ డొక్కు దేనికమ్మా, ఎలుకలు పిల్లలు పెట్టుంటాయి, కావాలంటే మొత్తం తీసుకుపో అంది. బోర్డు నిజంగానే తుప్పు. రెండు రిమోట్లు బాగున్నాయి.

ఇంటికి తెస్తే అమ్మ ముందు సెట్‌ని వెనక్కి తిప్పమంది. స్టిక్కర్ చూసింది. ఓ పోరీ, గిది నా సెయ్యే అంది. ఎంత సంబరపడిందో. తర్వాత నా వైపు చూసి, వాళ్ళింట్ల గిదున్నట్టు నీకెప్పటిసంది ఎరుక అని అడిగింది.

ఇప్పుడే తెలిసిందమ్మా అన్నాను.

జులై 8

పాత రిమోట్‌కి తొమ్మిది రంధ్రాల ప్లగ్గు. కంప్యూటర్‌లో దానికి చోటు లేదు. కానీ లైనక్స్‌లో gamecon అని ఒక డ్రైవర్ ఉంది, ప్రింటర్ పోర్టుకి ఈ రిమోట్‌ని తగిలిస్తే గుర్తుపడుతుంది. కొత్త కంప్యూటర్లలో ప్రింటర్ పోర్టే లేదు. నా డొక్కుకి ఉంది. మొదటిసారి దాన్ని మెచ్చుకున్నాను.

వైర్లు నేనే అతకాలి. ఐదు వైర్లు. సోల్డరింగ్ ఐరన్ నాచారం నుంచి కౌసల్యమ్మ తెచ్చింది. అమ్మ పక్క బెంచీ, నంబర్ 16. ఇప్పుడు పచ్చళ్ళ కంపెనీలో మూతలు బిగిస్తుంది. నేను పట్టుకున్న తీరు చూసి, గిది అట్లకాడ గాదు బిడ్డా, దోశ మాడ్తలేదు అంది. అమ్మ మంచం మీంచి చెబుతోంది. ముందుగాల వైరు ఏడి జెయ్యి, సీసం దానంతట అదే ఉరుకొస్తది. ఊదకు. ఊదితే చల్లటి అతుకు పడ్తది, వారానికి ఊడ్తది. వేలు కాల్చుకున్నాను. ఇద్దరూ ఒకేసారి చెవి పట్టుకో చెవి పట్టుకో అన్నారు. కాలిన వేలితో చెవి పట్టుకుంటే నిజంగా చల్లబడింది.

జులై 9

నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసుకున్న బొమ్మ ప్రకారం ఎర్ర వైరు ఐదు వోల్టులు, నల్లది గ్రౌండ్, అంటే కరెంటు వెనక్కి పోయే దారి. ప్రపంచమంతా అంతే. అమ్మ చూసి, గాదు, మా లాటుల ఎర్రది గ్రౌండు అంది. తెల్లది కరెంటు. నల్లది దేనికో నాకు ఎరుక లేదు గని ఎర్రది మాత్రం గ్రౌండు.

ఎర్రది గ్రౌండ్ ఎలా అవుతుందమ్మా అన్నాను. ఆ ఏడు ఎర్ర వైరు కట్టలు కట్టలు వచ్చి పడ్డదే, అంది. ఉమాపతి సారు ఏదుంటే అది ఏసుడే అన్నడు. మాట ఇప్పటికే కొంచెం ముద్దగా వస్తోంది. వారంగా పేర్లు కూడా మర్చిపోతోంది అనిపించింది. సరేలే అన్నాను.

బొమ్మ ప్రకారమే అతికాను. పాత యూఎస్‌బీ వైరు కోసి కరెంటు ఇచ్చాను.

అర నిమిషం. తర్వాత వాసన. రిమోట్ లోపలి చిప్, ఆ నల్ల చుక్క, వేలు పెట్టలేనంత వేడెక్కింది. jstest తెరిస్తే ఎనిమిది బటన్లూ ఒకేసారి on అని చూపించి ఇక మారలేదు.

మంచం మీంచి అంతా చూసింది. తిట్టలేదు. నీ నెట్టు మా కంపెనీల పని జేసిందానే? అంది.

జులై 10

జబ్బు చేతులకి వచ్చింది. నేను బుర్రకి వచ్చిందనుకున్నాను.

జులై 24, ఆదివారం

మిగిలింది రెండో ఆటగాడి రిమోట్. దానికి స్టార్ట్ బటన్ ఉండదు. ఆ సెట్లలో ఆట మొదలుపెట్టే హక్కు మొదటివాడిదే.

ఈసారి అమ్మ చెప్పినట్టు. ఎర్రది గ్రౌండు. తెల్లది కరెంటు. మిగతా మూడూ ఏవేవో కౌసల్యమ్మ పాడైన రిమోట్ విప్పి వేలితో చూపించింది. రెండు వారాలు పట్టింది, ఎందుకంటే ప్రింటర్ డ్రైవర్ ఆ పోర్టుని పట్టుకుని వదలదు. మా ఇంట్లో ప్రింటర్ లేదు, ఎప్పుడూ లేదు. అయినా కంప్యూటర్ ప్రతి ఉదయం దాని కోసం చోటు ఉంచుతుంది. ముందు దాన్ని దించేసి, తర్వాత modprobe gamecon అని కొట్టి రిమోట్ డ్రైవర్‌ని ఎక్కించాలి. పదకొండున్నరకి js0 అని వచ్చింది, అంటే రిమోట్‌ని గుర్తుపట్టింది.

స్టార్ట్ కీబోర్డు మీద నేను నొక్కాను. పొట్టివాడు పరుగెత్తాడు. అమ్మ వీపు నిటారుగా అయింది. ఈ రెండు నెలల్లో ఆ వీపు అలా లేవలేదు. బటన్లు వరసగా నొక్కింది. గుంత వచ్చింది. దూకించింది.

దూకించి, రిమోట్ వైరు చుట్టి నా చేతిలో పెట్టింది. ఓకే, అంది. నెక్స్ట్.

తెర మీద పొట్టివాడు ఆ ఊపులోనే రెండో గుంత దాకా పోయి పడిపోయాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అగో, సచ్చిండు, అని ఒకటే నవ్వు.

జులై 31

మూడో గుంత. అమ్మ జీవితంలో మొదటిసారి. గిది జర వెడల్పున్నదే అంది, అంతే. వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నాను, దాహం లేకపోయినా.

ఆగస్టు 5

బెంగళూరు నుంచి ఆఫర్ లెటర్. ఇరవై రెండున జాయినింగ్. ఉద్యోగం పేరు టెస్ట్ ఇంజనీర్. అమ్మకి చదివి వినిపించాను. నువ్వు గూడ టెస్టింగేనా అంది. గీ కాడికి డిగ్రీ ఎందుకే, నంబర్ 18 నీకే ఇప్పిద్దును గద.

పోతవా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ ఊరు, ఈ వీధి, ఈ రింగ్ రోడ్డు దుమ్ము వదిలిపోవాలని మూడేళ్ళుగా చూస్తున్నాను. మేడ మీద నిలబడి మౌలాలి గుట్ట వైపు చాలాసేపు చూశాను. దిగొచ్చి అన్నం కలిపి తినిపించాను.

ఆగస్టు 22

పోలేదు.

ఆగస్టు 28

ఆరో గుంత. ఎడమ చెయ్యి అయిపోయింది. బొటనవేలు బాణాల మీద ఉంటుంది, కదలదు. ఎమ్యులేటర్‌లో ఒక్కో పనికి రెండు దారులు ఇవ్వొచ్చు. బాణాలు కీబోర్డు మీదికి, నాకు. దూకడం రిమోట్ మీది A బటన్, అమ్మకి. పరుగు నాది, దూకుడు ఆమెది. టెస్ట్ చేసుకోవడానికి స్పేస్ బార్‌కి కూడా దూకుడు ఇచ్చుకున్నాను.

మొదట్లో నేను తొందరపడ్డాను, అమ్మ తిట్టింది. ఆగవే, బస్సొచ్చినట్టు ఉరుకుతవ్. గుంత కొన దాకా రానియ్యి.

సెప్టెంబర్ 25

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పన్నెండు రోజులు. బస్సుల్లేవు. కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు. ఏడో గుంత మీద రెండుసార్లు పోయింది. కౌసల్యమ్మ నాచారం నుంచి నడిచి వచ్చింది, జై తెలంగాణ అంటూ గడప దాటి కాళ్ళు చాపుకుని కూలబడింది. తెలంగాణ వచ్చేదాకా గీ పొట్టోడు గుంతల్నే ఉంటడా సారలమ్మా అంది. అమ్మ ఏదో అంది. నాకు అర్థం కాలేదు. కౌసల్యమ్మకీ కాలేదు, అయినా అవునవును అంది.

అక్టోబర్ 4

ఒకసారి రెప్ప వేస్తే అవును. రెండుసార్లు వేస్తే కాదు. ఇవాళ్టి నుంచి ఇదే భాష.

అక్టోబర్ 9, ఆదివారం

రాయకుండా ఉందామనుకున్నాను.

తొమ్మిదో గుంత పది రోజులుగా దాటడం లేదు. రిమోట్‌ని దిండు మీద టేపుతో అతికించి అమ్మ బొటనవేలు A మీద పెడతాను. వేలు కదులుతుంది కానీ ఆలస్యంగా. పొట్టివాడు అప్పటికే గుంతలో ఉంటాడు. ఇవాళ ముప్పైసార్లు పడ్డాడు. ఈ వారం కరెంటు రోజూ మూడింటికి పోతుంది. మూడుకి పది ఉంది.

స్పేస్ బార్ నొక్కాను. మెల్లగా, చప్పుడు లేకుండా, చీర కుచ్చెళ్ళు సర్దినట్టు. పొట్టివాడు దూకాడు. దాటామమ్మా! అని అరిచాను.

అమ్మ తెర వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది. నువ్వే దూకించావమ్మా అన్నాను. రెండు రెప్పలు. నిజంగా అన్నాను. రెండు రెప్పలు. లక్షల బటన్లు నొక్కిన మనిషి. తన వేలు దూకించిందో లేదో తెలీదనుకున్నాను.

తర్వాత అమ్మ కళ్ళు పక్కకి జరిగాయి. అలమరలో కుట్టు డబ్బా వైపు. అక్కడే ఆగాయి. ఎర్రదారం.

ఆపేశాను. మూడింటికి కరెంటు పోయింది.

అదే రోజు, సాయంత్రం 6

చెప్పేశాను. పక్కన కూర్చుని, మొహం చూడకుండా, ఒక్కొక్కటి.

డాక్టర్ అన్నది నరాల బలహీనత కాదమ్మా. ఒక రెప్ప. తెలుసా? ఒక రెప్ప. ఎప్పటి నుంచి అంటే దానికి రెప్పల్లో జవాబు లేదు.

ఎర్ర వైరు సంగతిలో నిన్ను నమ్మలేదు. ఒక రెప్ప.

సాయి ప్రియ ఇంట్లో స్టిక్కర్ నేను ఏడో తరగతిలోనే చూశాను. మా అమ్మది అని చెప్పలేదు. సిగ్గుపడ్డాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. బయట పాలవాడు వచ్చి పిలిచి వెళ్ళిపోయాడు. తర్వాత తెరిచింది. దాన్ని ఒక రెప్ప అనాలో, ఏమనాలో నాకు తెలీలేదు.

నవంబర్ 6, ఆదివారం

బొటనవేలు కదలడం మానేసి పన్నెండు రోజులు. గొట్టం ద్వారా జావ.

పొద్దున అడిగాను, నేను ఆడతాను, నువ్వు చూస్తావా అని. రెండు రెప్పలు. నీ బదులు కాదు, ఊరికే ఆఖర్లో ఏముందో నేను చూసి వచ్చి చెప్తాను అంటే, చాలాసేపటికి ఒకటి.

కంప్యూటర్‌ని వంటగది వైపు తిప్పుకుని ఆడాను. మొదటి నుంచి, నిజాయితీగా, ఆ రిమోట్‌తోనే. నాలుగు గంటలు. మొత్తం పదహారు గుంతలు. పదహారోది దాటితే నిచ్చెన. ఎక్కాడు. తెర నల్లబడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

వెలుతురు వచ్చింది. అదే బండరాయి. అదే గడ్డి. మొదటి గుంత. కొంచెం వేగం ఎక్కువ, అంతే.

అబద్ధం చెప్పొచ్చు. ఇల్లు ఉందని, దీపాలు ఉన్నాయని, ఎవరో ఎదురొచ్చారని. మంచం దగ్గరికి నడిచే ఆ ఎనిమిది అడుగుల్లో ఇల్లు కట్టాను, దీపాలు పెట్టాను. పక్కన కూర్చుని నిజం చెప్పాను. ఆఖర్లో మొదటి గుంతే ఉందమ్మా. నువ్వు రోజుకి ఐదొందల సార్లు చూసిందే.

అమ్మ ముఖం వంకరపోయింది. గొంతులోంచి ఒక చప్పుడు, ఆగకుండా, భుజాలు అదురుతూ. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ వాటంతట అవే వస్తాయని డాక్టర్ చెప్పాడు. కౌసల్యమ్మ జావ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. నవ్వుతుందే పోరీ, నాకెరుక, ఉమాపతి సారు పోంగనే గిట్లనే నవ్వేది అంది.

నవ్వా అమ్మా? ఒక రెప్ప.

ఏడుపా?

ఒక రెప్ప.

నవంబర్ 19

రాయడానికి ఏమీ లేదు. శ్వాస లెక్కపెడుతున్నాను.

నవంబర్ 23

ఉదయం ఏడూ ముప్పావుకి లెక్క ఆగింది. కరెంటు ఉంది.

2012 జనవరి 8

కంప్యూటర్ మూటకట్టి పెట్టే ముందు ఒకసారి రిమోట్ పరీక్షించాను, అమ్మ వరసలో. పైకి, వచ్చింది. కిందికి, వచ్చింది. ఇటు. అటు. B, on.

A, off. గట్టిగా నొక్కినా off. లోపలి రబ్బరు అరిగిపోయింది.

రూలు ప్రకారం ఎర్రదారం కట్టాలి. రీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

కట్టలేదు.